ఇంట్లోనే ఉంటున్నా ఇంట్లోవాళ్లకు దూరమయ్యాను

ప్రశ్న: నా వయసు 34. మూడేళ్లుగా ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. మొదట్లో ప్రయాణం తప్పిందని సంబరపడ్డాను. ఇప్పుడు చీటికీమాటికీ కోపం వస్తోంది. భార్య పలకరించినా, బాబు తలుపు తట్టినా అరిచేసి, తర్వాత బాధపడుతున్నాను. ‘మీరు ఇంట్లో ఉన్నా లేనట్టే’ అంటోంది నా భార్య. నా తర్వాత చేరినవాళ్లకు ప్రమోషన్లు వచ్చాయి. బాత్‌రూమ్‌కు వెళ్లినా ఫోన్ వెంట ఉండాల్సిందే. ఉద్యోగం మానేయమంటారా?

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి చూద్దాం. ఆఫీసు చాట్‌లో మీరు అందుబాటులో ఉన్నారని చూపే పచ్చ చుక్క, మీ పేరు పక్కన రంగు మారితే పని ఎగ్గొడుతున్నారనుకుంటారేమోనని మీ భయం. అవునా? ఆఫీసులో పావుగంట లేచి వెళ్లినా ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో మాత్రం, పనిలోనే ఉన్నానని నిమిషనిమిషానికీ రుజువు చూపించుకుంటున్నారు. రోజంతా అలా బిగుసుకుని కూర్చున్న మనిషి, బాబు తలుపు తడితే అరవక ఏం చేస్తాడు? అరుపు వాడి మీద పడుతోంది గానీ కోపం వాడి మీద కాదు. ఈ భయం గురించి మీ భార్యకు ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉండరనే అనుకుంటున్నాను. ఇవాళే చెప్పండి.

అలాగని మీ భయం ఉత్త ఊహేమీ కాదు. చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ ఉద్యోగులపై జరిగిన అధ్యయనం ఒకటి 2015లో అచ్చయింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. కానీ అంతే బాగా పనిచేసిన ఆఫీసువాళ్లతో పోలిస్తే ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. తర్వాత ఎవరిష్టం వాళ్లదంటే దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగి వెళ్లారు. ఒంటరితనం దానికి ఒక పెద్ద కారణం.

కాబట్టి మేనేజర్‌తో మాట్లాడండి, నాన్చవద్దు. ప్రమోషన్‌కు ఏం చూస్తున్నారు, నాలో ఏం తక్కువైంది అని సూటిగా అడగండి. మెసేజ్‌కు ఎంతసేపట్లో జవాబిస్తే చాలో కూడా అడగండి. ఐదు నిమిషాల్లో ఇచ్చితీరాలన్న రూలు చాలాసార్లు మనకు మనమే పెట్టుకున్నదై ఉంటుంది. వారానికి ఒకట్రెండు రోజులు ఆఫీసుకు వచ్చే వీలుంటే వదులుకోకండి. పక్క సీటువాళ్లతో ఊసుపోక చెప్పుకునే కబుర్లు కూడా మనిషికి కావాలి.

ఇంట్లో బాబుతో ఒక ఒప్పందం చేసుకోండి. తలుపు మీద ఎర్ర కాగితం ఉంటే మీటింగ్ జరుగుతున్నట్టు, లేకపోతే లోపలికి రావచ్చు. రోజంతా కాగితం అంటించి ఉంచితే మాత్రం ఒప్పందం చెల్లదు! ఎప్పుడైనా అరిచేస్తే, ‘నీ తప్పేం లేదు నాన్నా, పని టెన్షన్‌లో అరిచాను’ అని వాడికి చెప్పండి. చెప్పకపోతే తప్పు తనదే అనుకుంటాడు. పని అయ్యాక ల్యాప్‌టాప్ మూసి, అరగంట బయట నడిచి రండి. విసుగనిపించిన ఆ ప్రయాణంలోనే ఆఫీసు చికాకు కాస్త చల్లారేది. ఇప్పుడు మీటింగ్‌లో తిన్న చివాట్లు తలుపు తీయగానే ఇంట్లోవాళ్ల మీదికి వస్తున్నాయి.

రాజీనామా మాట ఇప్పుడే వద్దు. రెండు మూడు నెలలు చూసి, అక్కడ ఎదుగుదల లేదని తేలితే, ఇంకో ఉద్యోగం చేతికొచ్చాక మానేయండి. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం లాంటివి రెండు వారాలకు మించి ఉంటే సైకియాట్రిస్టును కలవండి. వీడియో కాల్‌లో చూసేవాళ్లూ ఉన్నారు గానీ మీరు నేరుగానే వెళ్లండి. స్క్రీన్ ముందు ఇప్పటికే చాలాసేపు కూర్చుంటున్నారు.