అద్దెలే ఈఎంఐ కట్టేస్తాయా?

ప్రశ్న: విశాఖపట్నం అక్కయ్యపాలెంలో 1989లో కట్టిన ఆరు పోర్షన్ల భవనం 1.20 కోట్లకు అమ్మకానికి వచ్చింది. అద్దెలు నెలకు 54,000. నా జీతం 1.10 లక్షలు, ఇంటి ఖర్చు 50,000. బ్యాంకు 90 లక్షలు ఇస్తుంది. మిగతా 30 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 9 లక్షలు కావాలి. దాచుకున్న 24 లక్షలకు తోడు 15 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని కొనవచ్చా?

జవాబు: ఈ లెక్కతో కొనకండి. అద్దెలే అప్పు తీరుస్తాయన్న ధీమాతో ఇరుక్కుపోయేవారు చాలామంది, అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

గృహ రుణం 8.5 శాతానికి పదిహేనేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 88,600. పర్సనల్ లోన్ 14 శాతానికి, ఐదేళ్లకు అయితే మరో 34,900. ఆరు పోర్షన్లూ నిండి ఉన్నా మీ జీతంలో మిగిలేది 40,500. ఇంటి ఖర్చుకే చాలదు. రెండు పోర్షన్లకు టూలెట్ బోర్డు పడితే 22,500. సొంత వాటాను కూడా అప్పు తెచ్చి కట్టడాన్ని పెట్టుబడి అనరు.

నన్ను మరింత భయపెట్టింది ఆ 24 లక్షలూ ఊడ్చి పెట్టేయాలన్న ఆలోచన. పాత భవనం యజమానికి అత్యవసర నిధి మామూలు ఉద్యోగి కంటే ఎక్కువ ఉండాలి. సముద్రపు ఉప్పుగాలికి శ్లాబులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, పెచ్చులు రాలతాయి. కొత్తగా రంగులు వేసి చూపిస్తే ఇంకా అనుమానించండి. కింది పోర్షన్లోకి వెళ్లి, పై బాత్రూము కిందికి వచ్చే సీలింగు చూడండి. తుప్పు మరకలుంటే ఆ ఖర్చు రేపు మీదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేక అల్లాడింది. అలాంటప్పుడు ఎగిరిపోయిన ట్యాంకు, పాడైన మోటారు వచ్చే నెల అద్దె అందేదాకా ఆగవు.

పర్సనల్ లోన్ లేకున్నా, ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే 8.3 లక్షలు. మరమ్మతులకు విడిగా కనీసం మూడు లక్షలు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు కూడా ఈ డబ్బు మీ ఖాతాలో ఉండాలి. రుణానికి సరిపడా టర్మ్ పాలసీ (జీవిత బీమా), భవనానికి తుపానుకూ వర్తించే బీమా తప్పనిసరి.

బయానా ఇచ్చే ముందే స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించండి. పై అంతస్తుకు జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఆమోదించిన ప్లాను లేకపోతే బ్యాంకు దానికి విలువ కట్టకపోవచ్చు, రుణం తగ్గుతుంది. అద్దెకున్నవారి అడ్వాన్సులను ధరలో మినహాయించుకోండి, వాళ్లు ఖాళీ చేసేటప్పుడు అడిగేది మిమ్మల్నే.

తక్కువ రుణంతో ఒక ఫ్లాటు కొనడం మీ స్థాయికి తగిన దారి. పర్సనల్ లోన్‌కు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే ఈ వారమే వెనక్కి తీసుకోండి.