మేనకోడలికి 401(కె) ఉత్తరం

చిరంజీవి అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. డాలస్‌లో ఉద్యోగంలో చేరావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. జీతంలోంచి రిటైర్మెంట్‌కి దాచుకునే కంపెనీ ఖాతా 401(కె) ఫారంలో, ట్రెడిషనల్ రకంలో ఎంత, రాత్ రకంలో ఎంత అని అడిగితే తేల్చుకోలేక పక్కన పెట్టావట. అలా పెట్టకు. ఆ శాతాలు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నువ్వు డబ్బు వేయని నెలకు, నీ వాటాకు జతగా కంపెనీ వేసే మ్యాచ్ మాత్రం మామూలుగా మళ్లీ రాదు. ముందు మ్యాచ్ పూర్తిగా వచ్చేంత శాతం పెట్టెయ్యి.

ట్రెడిషనల్‌లో వేసిన డబ్బుకు ఇప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు. రిటైరయ్యాక తీసుకున్నప్పుడు అసలుకూ లాభానికీ కలిపి కట్టాలి. రాత్‌లో ట్యాక్స్ కట్టాక మిగిలింది వేస్తావు. ఖాతా మొదలై అయిదేళ్లు దాటి, నీకు 59½ ఏళ్లు నిండాక తీస్తే లాభం మీద కూడా ఏమీ కట్టక్కర్లేదు.

రాత్ ట్యాక్స్ ఫ్రీ కాబట్టి కళ్లు మూసుకుని అందులో వేసెయ్ అంటారు నీ స్నేహితులు. ఒకసారి లెక్క వేసి చూడు. నీ రేటు 22 శాతం అనుకుందాం. వెయ్యి డాలర్లు ట్రెడిషనల్‌లో వేస్తే మొత్తం పడుతుంది. నాలుగింతలై 4,000 అయ్యాక 22 శాతం పోతే చేతికి 3,120 వస్తుంది. అదే వెయ్యి రాత్‌కి పంపితే ముందే 220 పోయి 780 పడుతుంది. నాలుగింతలైతే అదీ 3,120 డాలర్లే. అంటే ఇప్పటి రేటు ఎక్కువా, తీసుకునేనాటి రేటు ఎక్కువా అన్నదొక్కటే నువ్వు తేల్చుకోవాల్సింది.

నీ జీతం 90 వేలు. 2026 స్టాండర్డ్ డిడక్షన్ 16,100 తీసేస్తే 22 శాతం శ్లాబులోనే ఉంటావు. టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కనుక ట్రెడిషనల్‌ వల్ల నీకు ఇప్పుడు ఆదా అయ్యేది ఫెడరల్ (కేంద్ర) ట్యాక్స్ మాత్రమే. రేపు జీతం రెట్టింపై కాలిఫోర్నియా వెళ్తే ట్రెడిషనల్ విలువ పెరుగుతుంది. ఈ దేశంలోనే ఉండిపోయేట్టయితే ఈ మొదటి ఏళ్లలో సగానికి పైగా రాత్‌లోనే వెయ్యమంటాను. కంపెనీతో పని లేకుండా సొంతంగా తెరుచుకునే రాత్ ఐఆర్ఏ ఖాతాకి ఉన్న ఆదాయ పరిమితి 401(కె)లోని రాత్‌కి లేదు. 401(కె)లో ట్రెడిషనల్, రాత్ రెండింటికీ కలిపి 2026లో నువ్వు వేయగలిగేది 24,500 డాలర్లు.

అయితే పదేళ్లలో హైదరాబాద్ వచ్చేస్తానని నువ్వే అంటుంటావు. అది గట్టి నిర్ణయమైతే నా సలహా వేరు. రాత్ మీద ట్యాక్స్ లేదన్నది అమెరికా చట్టం. ఇండియా చట్టంలో ఆ హామీ లేదు. అమెరికా రిటైర్మెంట్ ఖాతాల్లో పెరిగిన ఆదాయాన్ని ఏటేటా కాకుండా తీసుకున్నప్పుడే లెక్కగట్టేలా ఇండియా 2021లో 89ఏ సెక్షన్ తెచ్చింది. కానీ అది, డబ్బు తీసేటప్పుడు ఆ దేశంలో ట్యాక్స్ పడే ఖాతాల కోసం రాసింది. ట్రెడిషనల్ అందులో చక్కగా ఇముడుతుంది. రాత్‌కి తీసేటప్పుడు ట్యాక్సే ఉండదు కదా, చిక్కంతా అక్కడే. అందుకని వెళ్లిపోయే ఆలోచన ఉన్నవాళ్లకు నేను ట్రెడిషనలే చెబుతాను. పైగా ట్రెడిషనల్‌ని ఆదాయం తక్కువున్న ఏడాది చూసుకుని రాత్‌గా మార్చుకోవచ్చు. రాత్‌ని ట్రెడిషనల్‌గా మార్చడం కుదరదు.

ఇంకొక్క మాట. తిరిగి వెళ్తూ 401(కె) మొత్తం తీసేసుకున్న మనవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ట్రెడిషనల్ డబ్బుకు ఆ ఏడాదే ట్యాక్స్, 59½ నిండలేదని 10 శాతం పెనాల్టీ. దేశం వదిలినంత మాత్రాన ఖాతా మూసేయక్కర్లేదు. అందులో 7,000 డాలర్లకు మించి ఉంటే, రిటైర్మెంట్ వయసు వచ్చేదాకా నీ అనుమతి లేకుండా ఆ డబ్బును ఖాతాలోంచి బయటికి పంపడానికి కంపెనీకి వీల్లేదు.

శనివారం ఫోన్ చెయ్యి. చేసే ముందు ప్లాన్ కాగితాల్లో మ్యాచ్ ఎంత శాతమో, అది పూర్తిగా నీదవ్వడానికి ఎన్నేళ్లు పని చేయాలో చూసిపెట్టుకో.

మావయ్య