కల్లం కాపలాకి ఏ చార్జింగ్?

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది మేడికొండూరు మండలం, మూడెకరాల మిర్చి. కోతలయ్యాక కాయ ఆరినన్నాళ్లూ నాన్నా నేనూ రాత్రిళ్లు కల్లంలోనే పడుకుంటాం. అక్కడ కరెంటు లేదు. పోయినేడు అర్ధరాత్రి జల్లు పడింది. పట్టాలు కప్పడానికి మనుషుల్ని పిలుద్దామంటే రెండు ఫోన్లూ ఆఫ్! పైన సోలార్ పలక ఉండే పవర్ బ్యాంకు కొనమంటున్నాడు మా బావ, ఎండకి దానంతటదే నిండుతుందట. కొనమంటారా?
– ఒక యువరైతు, గుంటూరు జిల్లా

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ డబ్బు నీకంటే ముందు నేను తగలేశాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మేం మేడ మీద చిక్కుకుపోయాం. అలాంటి పవర్ బ్యాంకే నా చేతిలో ఉంది. మొదటి రోజు ధీమాగా వాడేశాం. రెండో రోజు పొద్దుటే పిట్టగోడ మీద పెట్టాను. సాయంత్రానికి ఒక్క చుక్కయినా వెలగలేదు. ఆ రోజు మబ్బు కదా అని సరిపెట్టుకున్నా గానీ, తర్వాత మంచి ఎండలో మీటరు పెట్టి చూస్తే ఒక్క వాటు కూడా రాలేదు. నేను రిపేర్లు చేసేవాణ్ణి, కొనేముందే లెక్క వేసుకోవాల్సింది. 10,000 ఎంఏహెచ్ బ్యాంకులో పట్టేది 37 వాట్ అవర్లు (ఒక వాటు గంటసేపు వస్తే ఒక వాట్ అవర్). ఒక వాటు చొప్పున వచ్చినా, రోజుకి ఆరు గంటల గట్టి ఎండ దొరికినా వారం పడుతుంది. పైగా బ్యాంకు లోపలుండే లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. నల్ల డబ్బాని మన ఎండలో పెడితే ఆ వేడి దాటడానికి ఎంతసేపు? నాది చివరికి పూరీలా పొంగింది. అలా ఉబ్బినదాన్ని నొక్కొద్దు, పొడవొద్దు, మళ్లీ చార్జి పెట్టొద్దు.

ఆ రోజు మమ్మల్ని ఆదుకున్నది పాత కంప్యూటర్ యూపీఎస్‌లోంచి పీకిన 12 వోల్టుల బ్యాటరీ. దానికి కారు చార్జరు, అంటే కారులో ఫోన్‌కి పెట్టేది, తగిలిస్తే రాత్రికి ఇరుగుపొరుగు ఫోన్లు మూడు సగం సగం నిండాయి.

నీ దగ్గర అలాంటిది ఉండే ఉంటుంది. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ అడుగున చూడు. 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్లు అని ఉంటే మొత్తం 96 వాట్ అవర్లు. అది లెడ్ యాసిడ్‌దైతే సగానికి మించి వాడకు, బ్యాటరీ పాడవుతుంది. ఆ సగంతోనే 5,000 ఎంఏహెచ్ ఫోన్లు రెండు ఒక్కోసారి నిండుతాయి. కారు చార్జరు దూర్చే సాకెట్టు వైర్లతో సహా దొరుకుతుంది. ఎర్రది ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. ఎర్ర వైరు మీద 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా పెట్టు. ఫోన్ వైరు కోసి నేరుగా బ్యాటరీకి కలిపి, పిన్ను దగ్గర బొగ్గయిన ఫోన్ పట్టుకొచ్చినవాళ్లని చూశాను. ఇంకోమాట, అది పురుగుమందు తడిసిన సామాను. బ్యాటరీ విడిగా తీసి తుడిచి పట్టుకెళ్లు, అన్నం క్యారియర్ పక్కన మాత్రం పెట్టకు.

సోలారే కావాలంటే మడతపెట్టే 20 వాట్ల ప్యానెల్ ఒకటి, మామూలు పవర్ బ్యాంకు ఒకటి వేర్వేరుగా కొను. మంచి ఎండలో 12–14 వాట్లు వస్తే సంతోషించు. దాని మీద రాసిన వాట్లు ప్యానెల్ వేడి 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క, మన దగ్గర అది 60 దాటుతుంది. పగలు ప్యానెల్ నుంచి బ్యాంకుకి, రాత్రి బ్యాంకు నుంచి ఫోన్‌కి. ఫోన్‌ని నేరుగా ప్యానెల్‌కి తగిలిస్తే మబ్బు వచ్చినప్పుడల్లా చార్జింగ్ ఆగుతూ ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో ప్యానెల్‌ని దక్షిణానికి కాస్త వాల్చు. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు, అప్పుడు పడుకోబెట్టినా ఒకటే. తాటాకు నీడ ఒక మూల పడినా కరెంటు బాగా పడిపోతుంది. కల్లంలో ఎర్రదుమ్ము ఎలాగూ తప్పదు, రోజూ తడిగుడ్డతో తుడువు. బ్యాంకుని మాత్రం మంచం కింద నీడలో ఉంచు.

అసలు నీకు కావలసింది అర్ధరాత్రి ఒక్క ఫోన్ కాల్ కదా. నాన్నగారి సిమ్ము కీప్యాడ్ ఫోన్‌లో వేయి, ఒకసారి నింపితే రెండుమూడు రోజులు ఢోకా ఉండదు. నీ ఫోన్‌లో రాత్రి డేటా ఆపేయి. చేలో సిగ్నల్ సరిగ్గా లేకపోతే వెతుక్కుంటూనే బ్యాటరీ తినేస్తుంది.

మీ బావ ఈపాటికే కొనేసి ఉంటే గొడవపడకు. ఇంట్లో ప్లగ్గుకి పెట్టి నింపుకుంటే అదీ మామూలు పవర్ బ్యాంకే. ఎండలో మాత్రం పెట్టొద్దని చెప్పు.