జైసల్మేర్ రోడ్ల పనికి వెళ్తున్న మురళికి

ట్రిప్లికేన్, చెన్నై

చిరంజీవి మురళికి పెదనాన్న దీవెనలు.

జైసల్మేర్ దగ్గర రోడ్ల నిర్వహణ పనిలో చేరబోతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి, అక్కడ నాలుగేళ్లు పనిచేసినవాణ్ణిగా నీకు ముందే చెప్పవలసినవి ఏమిటా అని ఆలోచిస్తూనే ఉన్నాను.

బయలుదేరేలోగా ఒక సాయంత్రం గాలి గట్టిగా ఉన్నప్పుడు మెరీనాకు వెళ్లి కాసేపు నిలబడు. ఇసుక పిక్కలకు చురుక్కుమని తగులుతుంది గాని ముఖం దాకా రావడం తక్కువ. గాలికి లేచే ఇసుకలో చాలా భాగం నేలను అంటిపెట్టుకుని గెంతుతూ పోతుంది, థార్ ఎడారిలోనూ అంతే. అందుకే రోడ్డు కట్ట కాస్త ఎత్తుగా, దాని పక్కవాలు నిటారుగా కాక మెల్లగా దిగుతూ ఉన్నచోట ఇసుక రోడ్డు దాటి తన దారిన తాను పోతుంది. రోడ్డు పల్లంలో ఉన్నచోట, అంచున గోడో పొదో అడ్డం వచ్చినచోట గాలి వేగం తగ్గి అక్కడే కుప్పపడుతుంది. రోడ్డు అంచునే పచ్చగా పొదలు పెంచుదామని ఎవరన్నా ఒప్పుకోకు.

నేను చేరిన మొదటి వేసవిలో రామ్‌గఢ్ రోడ్డు మీద పగలంతా జేసీబీతో ఇసుక తీయించి, దగ్గరగా ఉందని నైరుతి వైపునే పోయించాను. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే రోడ్డు మీది తెల్లగీత మళ్లీ ఇసుక కిందే ఉంది. అక్కడ వేసవి గాలి నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి, తీసిన ఇసుకను ఈశాన్యం వైపు వేయించి, కుప్పగా ఉంచకుండా పల్చగా పరిపించు. శాశ్వతంగా ఆపాలంటే జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ చూపిన పద్ధతి ఉంది: గాలి వచ్చే వైపు, రోడ్డుకు దూరంగా, దిబ్బ మీద ఎండుకంపను గళ్లు గళ్లుగా పాతించి, తొలి వానలకు సేవణ్ గడ్డి, ఫోగ్ పొదలు నాటిస్తారు. మన జమ్మిని అక్కడ ఖేజ్డీ అంటారు. ఆ ఊళ్లవాళ్లకు అది ప్రాణసమానం కనుక, ఒక్క చెట్టు కొట్టవలసి వచ్చినా ముందు ఊళ్లో కూర్చుని మాట్లాడు.

రాజస్థాన్‌లోనే ఉన్న ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీల ఎండ నమోదైంది. గాలే అంత వేడిగా ఉంటే రోడ్డు ఇంకా ఎక్కువ కాలుతుంది. మెత్తని తారు పైకి ఊరి చక్రాల జాడలు పడతాయి కనుక వీజీ-40 అనే గట్టి రకం తారే వాడించు. కూలీలను తెల్లవారుజామునే పనిలోకి దింపి, ఎండ ముదరకముందే నీడకు పంపించు. ఈ విషయంలో కాంట్రాక్టరు ఎంత తొందరపెట్టినా తగ్గకు.

ఇక నీ ప్రయాణాలు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూసుకో. దుమ్ముతుపాను కమ్ముకుంటే రోడ్డు పూర్తిగా దిగి, దూరంగా ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీది నుంచి కాలు తియ్యి. వెలుగుతున్న ఎర్రలైటును చూసి రోడ్డు అటే ఉందనుకుని వెనకవాళ్లు వచ్చి గుద్దుతారు. ఇసుకలో చక్రం దిగబడితే యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ ఇంకా లోతుకు పోతుంది. టైర్లలో కొంత గాలి తీసి మెల్లగా బయటపడి, తారురోడ్డు ఎక్కగానే మళ్లీ నింపించు. రాత్రి డ్రైవింగ్ మానుకోగలిగితే మానుకో. హెడ్‌లైటు వెలుగులో ఒంటె కాళ్లు మాత్రమే కనబడతాయి, గుద్దితే దాని బరువంతా అద్దం మీద పడుతుంది.

చేరాక వచ్చే మొదటి దుమ్ముతుపాను తర్వాత ఏ కిలోమీటరు రాయి దగ్గర ఎంత ఇసుక చేరిందో రాసి నాకు పంపు, కూర్చుని ఆలోచిద్దాం.

మీ పెదనాన్న