లాభం 38 లక్షలైతే సీసీ ఎందుకు నిండింది?

విజయనగరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ట్రయల్ బ్యాలెన్సు, రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు వరసగా చూశాను. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి పన్నుకు ముందు లాభం 38 లక్షలు. మార్చి 31న గల్లాలో, కరెంటు ఖాతాలో కలిపి మిగిలింది 3 లక్షలు. సీసీ ఖాతా, అంటే స్టాకు, బాకీల పూచీ మీద బ్యాంకు వాడుకోనిచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు, ఏడాదిలో 60 లక్షలు పెరిగింది. ఈ మూడు అంకెలు ఒకదానికొకటి పొసగడం లేదని నువ్వు కంగారు పడుతున్నావు. పొసుగుతాయి. వాటిని కలిపి చూపించేదే క్యాష్ ఫ్లో పట్టిక, అందులో ఆపరేషన్ల నగదు, అంటే రోజువారీ వ్యాపారం వల్ల వచ్చిన పోయిన డబ్బు, అనే మొదటి భాగం. చిన్న కంపెనీకి ఈ పట్టిక చట్టప్రకారం అక్కర్లేదని మీ ఆడిటరు గారు చెప్పింది నిజమే. 2013 కంపెనీల చట్టంలో ఆ మినహాయింపు ఉంది. అయినా వేసుకో. బ్యాంకు కోసం కాదు, నీ కోసం.

పెన్సిలు పట్టుకుని నాతో పాటు వెయ్యి. అంకెలన్నీ లక్షల్లో.

38తో మొదలుపెట్టు. పన్ను తీసేశాక మిగిలిన లాభంతో మొదలుపెట్టకు. చాలామంది అక్కడ మొదలుపెట్టి, కింద కట్టిన పన్నుని మళ్లీ తీసేస్తారు, ఒకే పన్ను రెండుసార్లు పోతుంది. 38కి తరుగుదల 11 కలుపు. బాయిలరు, షెడ్డు పాతబడినందుకు పుస్తకంలో రాసుకున్న ఖర్చు అది, దానికోసం ఈ ఏడాది ఎవరికీ చెక్కు రాయలేదు. అంతమాత్రాన తరుగుదల వల్ల డబ్బు వచ్చిందనుకోకు. పోని డబ్బుని పోయినట్టు రాశాం కాబట్టి వెనక్కి వేస్తున్నాం, అంతే. తర్వాత బ్యాంకు వడ్డీ 24 కలుపు. ఇది నిజంగానే చేతినుంచి పోయింది, కానీ అప్పు తాలూకు ఖర్చు కనుక అప్పుల భాగంలో చూపిస్తాం. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చిన వడ్డీ 2, పాత బాయిలరు అమ్మితే మిగిలిన లాభం 3 తీసెయ్యి. ఆ రెండూ జీడిపప్పు అమ్మితే వచ్చినవి కావు. తేలింది 68. స్టాకు, బాకీలు ఏడాది పొడుగునా కదలకుండా ఉండుంటే ఫ్యాక్టరీ మీకు తెచ్చిపెట్టే డబ్బు అది.

కానీ కదిలాయి. ఇక్కడే ప్లస్సూ మైనస్సూ తారుమారవుతాయి. తికమక అనిపిస్తే గోదాము తలుపు దగ్గర నిలబడినట్టు ఊహించుకో. బస్తా లోపలికి వచ్చిందంటే నోట్లు బయటికి వెళ్లాయి. కొన్నవాడు ఇంకా ఇవ్వలేదంటే నీ నోట్లు వాడి దగ్గరున్నాయి. నువ్వు ఇంకా ఇవ్వలేదంటే వాడివి నీ దగ్గరున్నాయి. పెరిగినదా తగ్గినదా అన్నది నిరుటి మార్చి 31తో పోల్చి చూడు.

స్టాకు 140 నుంచి 205 అయింది. మైనస్ 65. రావాల్సిన బాకీలు 90 నుంచి 118 అయ్యాయి. మైనస్ 28. జీఎస్టీ క్రెడిట్ (ముందే కట్టి తర్వాత సర్దుకోవాల్సిన పన్ను), ఊళ్లలో జీడిపిక్కలు పోగుచేసేవాళ్లకి ఇచ్చిన అడ్వాన్సులు కలిపి 12 నుంచి 19. మైనస్ 7. రైతు దగ్గర నేరుగా కొన్న జీడిపిక్కలకి జీఎస్టీ మీరే నగదుగా కట్టి తర్వాత క్రెడిట్ తీసుకోవాలి కదా, సీజన్లో అది ఇలాగే పోగుపడుతుంది. ఇటువైపు, మీరు ఇవ్వాల్సినవి 40 నుంచి 61, అంటే ప్లస్ 21. కూలీలు, బోనసు బకాయి 6 నుంచి 9, ప్లస్ 3. మొత్తం కూడితే మైనస్ 76. అరవై ఎనిమిదిలోంచి డెబ్భై ఆరు పోతే మైనస్ 8. ఏడాదిలో కట్టిన ముందస్తు పన్ను, టీడీఎస్ కలిపి 9. చివరికి ఆపరేషన్ల నగదు మైనస్ 17.

ఇక్కడ ఆపకు, మిగతా రెండు భాగాలతో సరిచూసుకో. రెండోది ఆస్తుల భాగం: కటింగ్ మిషన్ మైనస్ 20, పాత బాయిలరు అమ్మకం ప్లస్ 5, డిపాజిట్ వడ్డీ ప్లస్ 2, వెరసి మైనస్ 13. మూడోది అప్పుల భాగం: సీసీ ప్లస్ 60, టర్మ్ లోన్ కిస్తీలు మైనస్ 8, వడ్డీ మైనస్ 24, వెరసి ప్లస్ 28. మూడు భాగాలూ కూడితే మైనస్ 2. నిరుడు 5 ఉంది, ఇప్పుడు 3 ఉంది. కుదిరింది. కుదరకపోతే తేడాని "ఇతరములు" అని రాసి మూసెయ్యకు. ఎక్కడో ఒక ఎంట్రీ తప్పు పడింది, దొరికేదాకా వెతుకు.

అయితే కుదిరినంత మాత్రాన సరైనదని కూడా కాదు. ఆ 61లో కటింగ్ మిషన్ కంపెనీకి ఇవ్వాల్సిన 6 లక్షలు కలిసి ఉన్నాయి, లెడ్జర్‌లో చూశాను. అది పిక్కల బాకీ కాదు, మిషన్ బాకీ. దాన్ని బయటికి తీస్తే ఇవ్వాల్సినవి పెరిగింది 15 మాత్రమే. ఆపరేషన్ల నగదు మైనస్ 23కి దిగుతుంది, మిషన్‌కి నిజంగా చెల్లించింది 14 కనుక రెండో భాగం మైనస్ 7 అవుతుంది. అడుగు మొత్తం మారదు. అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడదు. మిషన్లు కొన్న ఏడాది దీన్ని తప్పకుండా వెతుకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మైనస్ 23 చూసి మీ నాన్నతో ఫ్యాక్టరీ మునుగుతోందని చెప్పకు. ఆ 65 స్టాకుని విడదియ్యి. నిరుడు పిక్కలు 85, పప్పు 55. ఈ ఏడాది పిక్కలు 144, పప్పు 61. అంటే పెరిగినదాంట్లో 59 లక్షలు పిక్కలే. ఇప్పుడున్న 144 లక్షల పిక్కలంటే 80 కిలోల బస్తా 12 వేల చొప్పున 1,200 బస్తాలు. పలాస చుట్టుపక్కల ఉద్దానం తోటల్లో పిక్క రాలేది ఫిబ్రవరి నుంచి మే దాకా. లెక్కల సంవత్సరం ముగిసే మార్చి 31 సరిగ్గా ఆ నడిమధ్యన పడింది. ఏడాదికి సరిపడా సరుకు కొంటున్న సమయంలో ఫొటో తీసినట్టు. పంట పదిహేను రోజులు ఆలస్యమైతే అదే ఫ్యాక్టరీ, అదే వ్యాపారం, ఆపరేషన్ల నగదు ప్లస్‌లో కనిపిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడగొట్టింది. అలాంటి ఏడాది తర్వాత కొనడానికి పిక్క దొరక్క స్టాకు తగ్గితే నగదు మహా బాగా వచ్చినట్టు పట్టిక చెబుతుంది. అది ఆరోగ్యం కాదు.

అందుకని మన జీడి లెక్కకి ఇంకో తేదీ కూడా పెట్టుకో, జనవరి 31. కొత్త పంట రాకముందు, దసరా దీపావళి అమ్మకాలు అయిపోయాక, గోదాము అడుగంటిన రోజు అది. జనవరి నుంచి జనవరికి పన్నెండు నెలల ఆపరేషన్ల నగదు కట్టు. అక్కడ కూడా మైనస్ వస్తే అప్పుడు భయపడాలి. ఆ రోజు గోదాములో పప్పు ఎక్కువగా ఉంటే ఇంకా భయపడాలి. పిక్క రేపు పప్పవుతుంది. పండగలు దాటిపోయినా కదలని పప్పు అమ్ముడుపోని సరుకు, అందులోనూ ముక్కలెక్కువ ఉంటాయి. స్టాకుని నువ్వే దగ్గరుండి తూయించు. పిక్క ఆరేకొద్దీ తూకం తగ్గుతుంది, పుస్తకంలో మాత్రం కొన్ననాటి తూకమే ఉంటుంది. బస్తాకి సుమారు 22 కిలోల పప్పు లెక్కన దంచిన బస్తాలకీ వచ్చిన పప్పుకీ పొంతన చూడు.

నాకు నిజంగా బెంగగా ఉన్నది బాకీల 28. నిరుడు అమ్మకాలు 820, బాకీ 90, అంటే 40 రోజుల అమ్మకం బయట ఉంది. ఈ ఏడాది అమ్మకాలు 900, బాకీ 118, అంటే 48 రోజులు. అదే 40 రోజులకి వసూలై ఉంటే బాకీ 99 దాటేది కాదు. కాబట్టి 28లో 9 వ్యాపారం పెరిగినందుకు, 19 కొన్నవాళ్లు ఆలస్యం చేసినందుకు. ఈ 19 సీజన్ వల్ల వచ్చింది కాదు, దానంతట అది తిరిగి రాదు. సీసీ వడ్డీ నూటికి పది అనుకున్నా ఏడాదికి 1 లక్షా 90 వేలు ఊరికే పోతోంది. పైగా 90 రోజులు దాటిన బాకీల మీద చాలా బ్యాంకులు డ్రాయింగ్ పవర్ (సీసీలోంచి తీసుకోగల పరిమితి) ఇవ్వవు, మీ మంజూరు పత్రంలో ఎన్ని రోజులని ఉందో చూడు. బాకీలన్నీ బిల్లు తేదీ ప్రకారం పేర్చి, 45 రోజులు దాటిన ఒక్కొక్కరికీ ఈ వారమే ఫోన్ చెయ్యి. పాత బిల్లు తీరందే కొత్త లారీ ఎక్కించకు.

మనం ఇవ్వాల్సినవాళ్లని ఆపి నగదు బాగుచేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకు. 10 కిలోల టిన్నులు తయారుచేసి ఇచ్చేవాళ్లు చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజులు దాటించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. రైతుల సంగతి సరేసరి, మార్చిలో డబ్బివ్వని ఫ్యాక్టరీకి ఏప్రిల్లో మంచి పిక్క రాదు. బిల్లులు డిస్కౌంటు చేయించి, అంటే గడువుకి ముందే బ్యాంకు దగ్గర వాటి మీద డబ్బు తీసుకుని, బాకీ తగ్గించినా అది అప్పే, వసూలుగా చూసుకోకు.

ఇంకొక్క మాట. బ్యాంకుకి లాభం ఎక్కువ చూపించాలని ముగింపు స్టాకు 10 లక్షలు పెంచి రాయమనే మాట నీ చెవిన పడొచ్చు. వేసి చూడు. లాభం 48 అవుతుంది, స్టాకు మైనస్ 75 అవుతుంది, ఆపరేషన్ల నగదు పైసా కదలదు. బ్యాంకువాళ్లు ఈ వరస అడిగేది అందుకే. ఇది కూడా బ్యాంకు నిల్వ నిజమైతేనే పనిచేస్తుంది. 2009 జనవరి 7 నాటి సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లేఖ ప్రకారం పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివే. నగదే అబద్ధమైతే ఏ పట్టికా పట్టుకోలేదు. అందుకే నిల్వల ధ్రువపత్రం నువ్వే బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకో, డిపాజిట్‌కి వచ్చిన వడ్డీ ఆ నిల్వకి తగ్గట్టు ఉందో లేదో చూడు.

జనవరి 31 లెక్క కట్టి, 45 రోజులు దాటిన బాకీల జాబితాతో పాటు పంపు. మిషన్ బాకీ 6 లక్షలకి వేరే లెడ్జర్ తెరవడం మరచిపోకు.

ఆశీస్సులతో,
మావయ్య