కెన్యా అధ్యయన యాత్రకు మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎం.బి.ఏ. మొదటి సంవత్సరం చదువుతోంది. వ్యాపార అధ్యయనం కోసం విద్యార్థులను పది రోజులు కెన్యాకు తీసుకెళ్తామని కళాశాల వారు చెబుతున్నారు. ఖర్చు దాదాపు రెండు లక్షల రూపాయలు. అంత డబ్బు పెట్టేటప్పుడు సింగపూర్‌కో దుబాయికో పంపడం మేలని బంధువులు అంటున్నారు. ఈ యాత్ర ఉద్యోగానికి పనికొస్తుందా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఈ యాత్ర వల్ల నేరుగా ఉద్యోగం రాదు. కళాశాల వారు అలా హామీ ఇస్తే నమ్మవద్దు. అయితే దేశం ఎంపిక విషయంలో మాత్రం మీ బంధువుల మాటతో నేను ఏకీభవించలేను. బ్యాంకులు, రోడ్లు, గిడ్డంగులు అరకొరగా ఉన్నచోట వ్యాపారం ఎలా నిలదొక్కుకుంటుందో నేర్చుకోవడానికి కెన్యా చాలా మంచి చోటు. రేపు మీ అమ్మాయి మన జిల్లాల్లోని గ్రామీణ మార్కెట్లలో పనిచేసినా ఆ అవగాహన అక్కరకు వస్తుంది.

ఫోన్ ద్వారా డబ్బు పంపుకునే ఎం-పెసా సంగతే తీసుకోండి. కెన్యా టెలిఫోన్ సంస్థ సఫారీకామ్ 2007 మార్చిలో దీన్ని ప్రారంభించింది. మన యూపీఐ వచ్చింది 2016లో. యూపీఐ ద్వారా డబ్బు ఒక బ్యాంకు ఖాతా నుంచి మరొక బ్యాంకు ఖాతాకు వెళ్తుంది. ఎం-పెసాకు బ్యాంకు ఖాతా గానీ, ఇంటర్నెట్ గానీ లేకపోయినా మామూలు ఫోన్, సిమ్ ఉంటే చాలు. వీధి చివరి చిన్న దుకాణదారే ఏజెంటుగా నగదు తీసుకుని ఫోన్‌లో జమ చేస్తాడు, అడిగినప్పుడు నగదు ఇస్తాడు. అతని దగ్గర నగదూ, ఫోన్‌లో నిల్వా రెండూ ఎప్పుడూ సరిపడా ఉండాలి. ఏది అయిపోయినా వచ్చిన ఖాతాదారు వెనుదిరుగుతాడు. ఆ రెండింటినీ అతను రోజూ ఎలా సర్దుకుంటున్నాడో, వచ్చే కమిషన్ దుకాణం అద్దెకైనా సరిపోతుందో లేదో అడిగి తెలుసుకున్న విద్యార్థికి, సంస్థ కార్యాలయంలో గంటసేపు చూపించే స్లైడ్ల కంటే ఎక్కువ విషయం బోధపడుతుంది.

తేయాకు కూడా అంతే ఆసక్తికరమైన అంశం. కెన్యా తేయాకులో పెద్ద భాగాన్ని పండించేది లక్షలాది చిన్న రైతులు. ఆకును ఫ్యాక్టరీకి ఇచ్చినందుకు వారికి నెలనెలా కొంత సొమ్ము, ఏడాది చివర బోనస్ అందుతాయి. ఆ ఫ్యాక్టరీలలో రైతులకే వాటాలుంటాయి. తయారైన తేయాకు మొంబాసా వేలంలో అమ్ముడవుతుంది, పొరుగు దేశాల తేయాకు కూడా అక్కడికే వస్తుంది. గుంటూరు మిర్చి యార్డు గురించి కాస్తో కూస్తో తెలిసిన అమ్మాయి అయితే, ధర నిర్ణయంలో రైతు మాటకు రెండు చోట్లా ఎంత విలువ ఉందో పోల్చి చూడగలదు. లిమూరు తేయాకు తోటలు రాజధాని నైరోబీకి దగ్గరే. గులాబీలు పెంచి విమానాల్లో ఐరోపాకు పంపే నైవాషా కూడా ఒక్కరోజులో చూసి రాగల దూరంలోనే ఉంది.

అందుకే డబ్బు కట్టే ముందు కార్యక్రమ పట్టిక అడిగి తీసుకుని చదవండి. అందులో మసాయి మారా అభయారణ్యంలో జంతువులను చూసే సఫారీ, షాపింగ్, విందులే ఎక్కువగా ఉంటే అది విహారయాత్రే. దానికి రెండు లక్షలు అనవసరం. స్థానిక విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి పని, చిన్న వ్యాపారులతో ముఖాముఖి, తిరిగి వచ్చాక మార్కులతో కూడిన నివేదిక ఉంటే పంపండి. అప్పు చేసి మాత్రం వద్దు. ఆ సొమ్ముతో ఇక్కడే ఒక మంచి వేసవి ఇంటర్న్‌షిప్‌కు కావలసిన వసతి, ప్రయాణ ఖర్చులు తీరి ఇంకా మిగులుతాయి.

భద్రత గురించి మీరు అడగకపోయినా చెప్పడం నా బాధ్యత. 2024 జూన్‌లో పన్నుల బిల్లుకు వ్యతిరేకంగా కెన్యాలో పెద్ద ఎత్తున నిరసనలు జరిగాయి, ప్రాణనష్టమూ జరిగింది. అలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తారో, భారత హైకమిషన్‌తో ఎవరు మాట్లాడతారో కళాశాల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలో క్వారంటైన్‌కు పంపే అవకాశం ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది కనుక, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ముందుగానే వివరాలు కనుక్కోండి. వీసా స్థానంలో 2024 జనవరి నుంచి ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి అమలులోకి వచ్చింది. దాని దరఖాస్తును మీ అమ్మాయి చేతనే నింపించండి.