థైరాయిడ్ మాత్రతో పాటు అశ్వగంధ.. దడ వస్తోంది

ప్రశ్న: నా వయసు 41. ఆఫీసు, ఇల్లు, పిల్లలతో క్షణం తీరిక ఉండదు. ఆయుర్వేద పద్ధతులు మెల్లగా అలవాటు చేసుకోవాలని ఉంది. తెల్లవారుజామున లేవడం, నూనె మర్దన, రాత్రి త్రిఫల.. వీటిలో దేనితో మొదలుపెట్టాలి? నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. టెన్షన్ తగ్గుతుందంటే రెండు నెలలుగా అశ్వగంధ చూర్ణం కూడా తీసుకుంటున్నాను. ఈమధ్య కాస్త దడగా ఉంటోంది, నిద్ర పట్టడం లేదు. పని ఒత్తిడే అనుకుంటున్నాను.
- ఓ పాఠకురాలు

జవాబు: దినచర్య సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ దడ గురించి మాట్లాడాలి. థైరాయిడ్ మాత్ర వాడేవారికి దడ, నిద్రలేమి మొదలైతే ఒత్తిడి అని సరిపెట్టుకోకూడదు. ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనా ఇవే లక్షణాలు ఉంటాయి. అశ్వగంధ కొందరిలో ఆ హార్మోన్‌ను పెంచుతుంది. మీకూ అదే జరిగిందని చూడకుండా చెప్పలేను. రక్తహీనత కావచ్చు, గుండె లయలో తేడా కావచ్చు. అందుకే ఈ వారంలోనే డాక్టర్‌ను కలిసి థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రక్తపరీక్షలు, హిమోగ్లోబిన్, ఈసీజీ చేయించుకోండి. అశ్వగంధతో అరుదుగా కాలేయం దెబ్బతిన్నవారూ ఉన్నారు కాబట్టి లివర్ పరీక్ష కూడా అడగండి. అప్పటిదాకా చూర్ణం ఆపండి. థైరాయిడ్ మాత్రను మాత్రం సొంతంగా ఆపొద్దు, తగ్గించొద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

చివరిసారి టీఎస్‌హెచ్ ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదు. ఏడాది దాటి ఉంటే పొరపాటు చేశారమ్మా.

ఓపీలో ఇది నాకు తరచూ ఎదురయ్యేదే. 'ఇంకేమైనా మందులు వాడుతున్నారా?' అంటే 'ఏమీ లేవండి' అంటారు. బీపీ ఎందుకు అదుపులోకి రావడం లేదో అర్థం కాక మళ్లీ మళ్లీ అడిగితే, సంచిలోంచి లేబుల్ చెరిగిపోయిన డబ్బా ఒకటి బయటికొస్తుంది. 'ఇది మందు కాదండీ, వేరు పొడి' అంటారు. ఆ వేరు అతిమధురమైతే, రోజూ తీసుకుంటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఆయుర్వేద వైద్యులు కూడా మనిషి ప్రకృతి, వయసు, ఉన్న జబ్బులు చూశాకే మోతాదు చెబుతారు. వాళ్లు చూడకుండా, నాకు చెప్పకుండా ఎవరో బాగుందన్నారని మొదలుపెట్టడమే నాకు భయం.

ఇక మీరు అడిగిన అలవాట్లు. పాత అలవాటు మానాలన్నా, కొత్తది పట్టాలన్నా పాదం పాదంగా, అంటే నాలుగో వంతు చొప్పున మారమని అష్టాంగ హృదయం అనే ప్రాచీన ఆయుర్వేద గ్రంథంలోనే ఉంది. కాబట్టి అన్నీ ఒకేసారి వద్దు. నిద్రే పట్టని మనిషి తెల్లవారుజామున నాలుగున్నరకు అలారం పెట్టుకోవడం అసలే వద్దు. ముందు రోజూ ఒకే వేళకు పడుకోండి. మల మూత్రాల్లాంటి సహజ వేగాలను ఆపుకోవద్దని కూడా ఆ గ్రంథం చెబుతుంది. మీటింగ్ ఉందని గంటల తరబడి మూత్రం బిగపట్టుకునే అలవాటుంటే దాన్ని ఈరోజే మానేయొచ్చు. చర్మంపై దద్దుర్లు, పుండ్లు లేకపోతే సెలవు రోజున నూనె మర్దన చేసుకోండి. త్రిఫల విరేచనం చేయించే గుణమున్నది, మలబద్ధకం ఉందో లేదో మీరు రాయలేదు. పరీక్షలయ్యాక వైద్యులను అడిగి వాడండి. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకున్నాక అరగంట నుంచి గంట వరకు కాఫీ, కషాయం, చూర్ణం ఏదీ వద్దు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఆ చూర్ణం డబ్బా కూడా తీసుకెళ్లండి.